మళ్ళీ అదే వచ్చింది

పుంతా అరేనస్‌లో జూన్ నెల.
అయిదున్నరకే సూర్యుడు కొట్టు కట్టేస్తాడు.
ఏడింటికి నా తరగతి.
బూట్ల మంచు దులుపుకుని వచ్చే తొమ్మిది మందిలో
యాభై దాటినవాడు ఎలెవుతేరియో బర్రియా ఒక్కడే.
అతనికంటే ముందు అతని కోటు వస్తుంది,
పీతల వాసన, డీజిల్ వాసన.

కెప్టెన్ పరీక్ష రెండుసార్లు తప్పాడు.
"దానికి ఈ లెక్కలు అక్కర్లేదు" అన్నాను మొదటిరోజే.
"తెలుసు ప్రొఫెసోరా.
పటం మీద మన అక్షాంశాల గీతలు
అరికా వాళ్ళ గీతలకంటే ఎందుకంత ఎడమెడంగా ఉంటాయో
ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ చెప్పలేదు."

బల్ల మీద పటం పరిచాను.
యాభైమూడో అక్షాంశం దగ్గర
కాగితం మనల్ని మనకంటే పెద్దగా చూపిస్తుంది:
ఒకటికి ఒకటీ, ఇంకో మూడింట రెండు వంతులూ.
ఆ సాగుడు పేరు సెకెంట్.
భూమధ్యరేఖ నుంచి ఇక్కడిదాకా
వెంట్రుకవాసి వెంట్రుకవాసిగా ఆ సాగుళ్ళన్నీ పోగేస్తే
మన గీత ఎక్కడ పడాలో తెలుస్తుంది.

"పోగెయ్యడం నాకొచ్చు" అన్నాడు.
రాదు. చిన్నవాటితో మొదలుపెట్టాం.

సైన్ బేసి ఘాతమైతే ఒకదాన్ని తీసి పక్కన పెట్టు,
మిగిలిన జతలు కొసైన్‌లోకి కాపురం మారతాయి.
సరి ఘాతమైతే పక్కన పెట్టడానికి ఒంటరివాళ్ళుండరు,
కోణాన్ని రెట్టించు, ఘాతం సగానికి దిగుతుంది.
మారుపేరు పెట్టి లెక్క దాటించావా,
ఏరు దాటాక తెప్ప తగలెయ్యకు,
థీటా దగ్గరికి మళ్ళీ దాని మీదే రావాలి.

సెకెంట్ దగ్గర అందరూ ఆగిపోయారు.
విడదీస్తే విరగదు, పేరు మారిస్తే పలకదు.
ఒకటితో గుణించండి అన్నాను.
నవ్వారు.
ఆ ఒకటిని ఒకటిలా రాయకండి,
పైన సెకెంటూ టానూ కలిపి,
కిందా సెకెంటూ టానూ కలిపి రాయండి.
రాశారు. చూస్తే
లవంలో ఉన్నది హారం అవకలనమే.
లాగరిథమ్ తలుపు దానంతటదే తెరుచుకుంది.
బేకరీలో పనిచేసే యామిలా పెన్ను విసిరేసి
"ఇది మోసం" అంది.
మోసమే.
మొదట ఎవరికి తట్టిందో గాని
జవాబు తెలిశాకే తట్టి ఉంటుందని నా అనుమానం.

ఆగస్టులో సెకెంట్ ఘనం. బోర్డు దగ్గర బర్రియా.
విభాగాలుగా విడగొట్టాడు,
టాన్ వర్గాన్ని సెకెంట్ వర్గంలోంచి ఒకటి తీసేసి రాశాడు,
నాలుగో పంక్తిలో నిలబడిపోయాడు.
"మళ్ళీ అదే వచ్చింది."
చెయ్యి తుడుపుగుడ్డ కోసం వెతుకుతోంది.
"కథ మొదటికొచ్చింది ప్రొఫెసోరా."

చెరపకు.
దాని ముందున్న గుర్తు చూడు.

చూశాడు. చాలాసేపు.
హీటర్ టిక్కు టిక్కుమంటోంది.
ఆ ఋణాన్ని, బరువెక్కిన పీతల బుట్టని
పడవ అంచు మీదుగా లాగినట్టు,
సమానం గుర్తు దాటించి ఎడమవైపు వేశాడు.
రెండయ్యాయి.
కుడివైపు జూన్ నాటి సెకెంట్ ఒక్కటే మిగిలింది,
దాని జవాబు అందరికీ తెలిసిందే.
సగం చేశాడు.

ముప్ఫై ఏళ్ళు జలసంధిలోకి వెళ్ళి
అదే రేవుకి తిరిగొచ్చిన మనిషి
ఇప్పుడు ఏదో అంటాడని చూశాను.
"స్థిరాంకం మర్చిపోయాను" అని
చివర ఒక సి రాసి కూర్చున్నాడు.

బయట పోర్వెనీర్ ఫెర్రీని ఆపేసిన గాలి.
మలుపుల్లో మనుషులు ఎగిరిపోకుండా
వీధి వెంట కట్టిన తాడుని
సుద్ద అంటిన చేత్తోనే పట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్న ఆ తాడు మీద
తెల్లటి మరక కోసం వెతికాను.
అంతా తెల్లగానే ఉంది. మంచు.